పోవిస్ రెండో ఎర్ల్ ఒక్కడా, ఇద్దరా?

సందేహం: రాబర్ట్ క్లైవ్ వంశం మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ఒకచోట ‘ఎడ్వర్డ్ హెర్బర్ట్, పోవిస్ రెండో ఎర్ల్, క్లైవ్ మనవడు’ అని ఉంది. మరోచోట ‘జార్జ్ హెర్బర్ట్, పోవిస్ రెండో ఎర్ల్, ఎడ్వర్డ్‌కు అంకుల్’ అని ఉంది. ఏది తప్పు? అంకుల్‌ను ‘బాబాయి’ అని, ఎర్ల్‌ను ‘జమీందారు’ అని రాశాను. సరేనా? ‘లార్డ్ రాబర్ట్ క్లైవ్’ అనవచ్చా?

సమాధానం: ఎర్ల్ అంటే బ్రిటన్ రాజు ఇచ్చే, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఒక బిరుదు. పోవిస్ వేల్స్‌లోని ఒక ప్రాంతం. ఆ రెండు వాక్యాల్లో తప్పేమీ లేదు. మీ ‘బాబాయి’ని మాత్రం మార్చాలి.

రాబర్ట్ క్లైవ్ (1725–1774) కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్. ఇతను 1784లో హెన్రియెటా హెర్బర్ట్‌ను పెళ్లాడాడు. జార్జ్ ఆమె అన్న. ఈ దంపతులకు 1785లో పుట్టిన కొడుకు పేరూ ఎడ్వర్డే. కాబట్టి జార్జ్ ఆ పిల్లవాడికి మేనమామ. పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త మొగుడు – అందరికీ ఇంగ్లీషువాళ్లకు అంకుల్ ఒక్కటే చాలు. మనకు అలా కుదరదు. మాట ఎంచుకునే ముందే తల్లి పుట్టింటివారెవరో చూసుకోవాలి. నెఫ్యూతోనూ ఇదే చిక్కు: ఒకాయన అన్న కొడుకును అతని మేనల్లుడని రాస్తే వంశవృక్షం కొమ్మే మారిపోతుంది.

ఇక ‘రెండో’ సంగతి. ఆ అంకె ఇంటిపేరును బట్టి రాదు, బిరుదును రాజు ఎప్పుడు ఇచ్చాడన్నదాన్ని బట్టి వస్తుంది. 1748లో పోవిస్ ఎర్ల్ బిరుదు జార్జ్ తండ్రికి దక్కింది. తండ్రి మొదటివాడు, జార్జ్ రెండోవాడు. జార్జ్ పెళ్లి చేసుకోకుండానే 1801లో పోయాడు, బిరుదు అతనితోనే అంతరించింది. 1804లో అదే పేరుతో బిరుదును అతని చెల్లెలి భర్త ఎడ్వర్డ్ క్లైవ్‌కు కొత్తగా ఇచ్చారు, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. 1839లో ఆయన పోయాక కొడుకు రెండోవాడయ్యాడు. మేనమామా రెండో ఎర్లే, మేనల్లుడూ రెండో ఎర్లే! అందుకే వట్టి అంకెతో సరిపెట్టకండి, ‘1804 నాటి బిరుదులో రెండోవాడు’ అని రాయండి. ‘ఎర్ల్ ఆఫ్ పోవిస్’ అనకుండా ‘పోవిస్ ఎర్ల్’ అని పేర్ల వరుస మాత్రం మీరు బాగా పెట్టారు. ‘పిఠాపురం రాజా’లాగా ఊరిపేరు ముందు రావడమే తెలుగు తీరు.

‘జమీందారు’ ఎందుకు కుదరదో ఈ కథలోనే ఉంది. 1801లో బిరుదు అంతరించింది, ఎస్టేటు మాత్రం మేనల్లుడికి వెళ్లింది. భూమి ఒక దారి, బిరుదు ఒక దారి. ఎర్ల్, దానికంటే కింది బిరుదైన బారన్ – ఈ మాటలను అలాగే ఉంచండి.

ఆ ఎస్టేటుకు వారసుడై 1807లో రాజానుమతితో మేనల్లుడు ‘హెర్బర్ట్’ అనే ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఇక్కడ తెలుగు పాఠకుడు తడబడతాడు. ‘క్లైవ్ మనవడు హెర్బర్ట్’ అంటే ఇంటిపేరు వేరు కనుక కూతురి కొడుకనే అనుకుంటాడు. నిజానికి అతను కొడుకు కొడుకు. కాబట్టి ‘పౌత్రుడు’ అనండి, మరీ గ్రాంథికం అనిపిస్తే ‘కొడుకు కొడుకు’ అనండి. మారింది ఇంటిపేరే కనుక ‘దత్తత’ అనే మాట మాత్రం రానివ్వకండి.

‘లార్డ్ రాబర్ట్ క్లైవ్’ తప్పు. ఇంగ్లీషువాళ్ల పద్ధతిలో లార్డ్ తర్వాత సొంత పేరు వస్తే అతను డ్యూక్‌కో మార్క్వెస్‌కో (ఇవి ఎర్ల్ కంటే పై బిరుదులు) చిన్న కొడుకని అర్థం. రాబర్ట్ 1762లో ఐర్లండ్ బిరుదుల్లో ప్లాసీ బారన్ క్లైవ్ అయ్యాడు. ‘లార్డ్ క్లైవ్’ లేదా ‘క్లైవ్ ప్రభువు’ అనాలి. హెన్రియెటా ఎర్ల్ కూతురు కనుక ‘లేడీ హెన్రియెటా’ సరైనదే. ‘ప్రభువు’ను తెల్లవాళ్లందరికీ తగిలించకూడదు. బ్రౌన్ దొర, కాటన్ దొర ప్రభువులు కారు. కాటన్ పేరు ముందున్న ‘సర్’ కొడుక్కి సంక్రమించే బిరుదు కాదు.

అయితే ‘క్లైవ్ ప్రభువు’ అన్నా ఇద్దరున్నారు. 1765లో మొగలు చక్రవర్తి నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా (చక్రవర్తి ఉత్తర్వు) సంపాదించింది తండ్రి. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్నది కొడుకు. నిజాం రాయలసీమను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నదీ, సర్కారుల్లో శాశ్వత పరిష్కారం (జమీందార్లు కట్టే శిస్తును శాశ్వతంగా ఖాయం చేసే పద్ధతి) మొదలైందీ ఆ కాలంలోనే. అప్పటికి తండ్రి పోయి పాతికేళ్లు దాటింది. మన జిల్లాల ప్రస్తావన వచ్చినచోట ‘ఎడ్వర్డ్’ను వదలకండి.

మీరు అడగలేదు గానీ, వ్యాసంలో ఎలాగూ వస్తుంది: క్లైవ్ భార్య మార్గరెట్‌కు నెవిల్ మాస్కెలిన్ అనే సోదరుడున్నాడు, బ్రిటన్ రాజ ఖగోళ శాస్త్రవేత్త. 1732లో పుట్టాడు, అంటే చెల్లెలి కంటే మూడేళ్లు పెద్ద, క్లైవ్ కంటే ఏడేళ్లు చిన్న. భార్యకు అన్న కనుక బావ అనాలా, తనకంటే చిన్న కనుక బావమరిది అనాలా? ఈ విషయంలో ఇంటింటికీ ఒక లెక్క. ‘భార్య అన్న’ అని రాయండి, ఎవరూ తప్పు పట్టరు.