బొమ్మలు పక్కపక్కన పరిచాక ఏం మాట్లాడుకోవాలి

చి. అమ్మడికి, పెద్దమ్మ దీవెనలు.

సెలవు రోజుల్లో మీరంతా ఏదో ఒక వీధిలో కలిసి కూర్చుని బొమ్మలు వేసుకుంటున్నారని చదివి చాలా సంతోషించాను. చివర్లో బొమ్మల పుస్తకాలు తెరిచి చూపించే వేళకి కొందరు సంచి సర్దుకుని వెళ్లిపోతున్నారనీ, ఉన్నవాళ్లు ఒకరి బొమ్మకి ఒకరు ‘సూపర్’ అనేసి లేచిపోతున్నారనీ రాశావు. దీన్ని మార్చడం ఎలా అని అడిగావు. నేను చెప్పేది ఒక్కటే. బొమ్మ ఎలా కుదిరిందన్న మాట కాసేపు పక్కన పెట్టి, అక్కడ కూర్చుని ఏం చూశారో ముందు మాట్లాడుకోండి.

గాబ్రియేల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు 2007లో అమెరికాలోని సియాటిల్ నుంచి మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ గురించి, అంటే ఉన్న ఊళ్లనీ వీధుల్నీ అక్కడే కూర్చుని గీసేవాళ్ల బృందం గురించి, నీకు తెలిసే ఉంటుంది. వాళ్లు రాసుకున్న నియమాలు ఎనిమిదే. కళ్లెదురుగా ఉన్నది అక్కడికక్కడే గీయాలి, చూసినదానికి నిజాయితీగా ఉండాలి, ఏ సాధనమైనా వాడొచ్చు, ఎవరి శైలి వారిదే, ఒకరికొకరు తోడుగా ఉంటూ కలిసి గీయాలి, ఇలా సాగుతాయి. అందంగా గీయాలన్న నియమం అందులో ఎక్కడా లేదు. కొత్తగా చేరినవాళ్లకి ఈ మాట మొదటి రోజే చెప్పు. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

చాలా చోట్ల గీయడం అయిపోయాక పుస్తకాలన్నీ నేల మీద వరసగా పరిచి, అందరూ చుట్టూ నిలబడి చూస్తారు. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. చేతిలో పుస్తకం పట్టుకుని ఒక్కరే నిలబడితే పరీక్ష రాసినట్టుంటుంది. నేల మీద పరిస్తే ఒక వీధిని పదిమంది కళ్లతో చూసినట్టవుతుంది. ముందు రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దని చెప్పు. ఆ తర్వాత నువ్వే ఒక ప్రశ్నతో మొదలుపెట్టు. ‘మొదటి గీత ఎక్కడ పెట్టారు?’ అని అడుగు. ‘ఎదురుగా ఉన్నవాటిలో ఏం వదిలేశారు, ఎందుకు?’ అని అడుగు. ఈ రెండో ప్రశ్న చాలా పనిచేస్తుంది. ఒకే బస్‌స్టాప్ ముందు కూర్చున్నవాళ్లలో ఒకరు తలపైన కరెంటు తీగలు మాత్రమే గీసి ఉంటారు, ఒకరు నిలబడ్డవాళ్ల కాళ్లు, సంచులు మాత్రమే. కారణం అడిగితే ఎంత సిగ్గరి అయినా నోరు విప్పుతారు, ఎందుకంటే అది వాళ్లకే తెలిసిన సంగతి.

మెచ్చుకునేటప్పుడు ఫలానాది అని వేలు పెట్టి చూపించాలి. ‘చాలా బాగుంది’ అన్నాక అవతలి వాళ్లు థ్యాంక్స్ తప్ప ఏం చెప్పగలరు? ‘ఈ గోడని తెల్ల కాగితంగానే వదిలేశారు, అందుకే ఎండ ఇంత గట్టిగా తెలుస్తోంది’ అంటే ఆ మనిషి మళ్లీ ఆ పని కావాలని చేస్తారు. చాలాసార్లు గీసినవాళ్లకి తమ బొమ్మలో ఏది పనిచేసిందో తెలియదు. పక్కవాళ్లు చూసి చెబితేనే తెలుస్తుంది. కలిసి గీయడంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే.

లోపం చెప్పాల్సి వస్తే ‘చెప్పమంటారా?’ అని అడిగి, ఒక్కటే చెప్పాలి. అది కూడా వాళ్లు వచ్చేసారి చేసి చూసుకోగలిగేలా ఉండాలి. ‘మనుషులు సరిగా రాలేదు’ అంటే ఎవరికీ ఏమీ అందదు. దాని బదులు కంటి ఎత్తు గీత గురించి, అంటే మన కళ్ల ఎత్తులో కాగితం మీద అడ్డంగా ఊహించుకునే గీత గురించి చెప్పు. చదును నేల మీద మనం నిలబడి గీస్తున్నప్పుడు, ఇంచుమించు మన ఎత్తున్నవాళ్ల తలలన్నీ, దగ్గరున్నా దూరమున్నా, ఆ గీత మీదే వస్తాయి. దూరం పోయేకొద్దీ మారేది పాదాల చోటే. చిన్న స్టూల్ మీద కూర్చుంటే ఆ గీత వాళ్ల నడుముకీ ఛాతీకీ మధ్య ఎక్కడో పడుతుంది. ఇది చెప్పి, అక్కడే నడిచేవాళ్లని చూపిస్తే ఇక మరిచిపోరు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పు: ఇంకొకరి పేజీ మీద ఎవరూ గీత పెట్టకూడదు. చూపించాలంటే వేరే చిత్తు కాగితం తీసుకోవాలి.

వెళ్లిపోయేవాళ్లని బలవంతం చేయకు. పుస్తకం మూసే ఉంచుకోమను, కానీ ఉండి మిగతావాళ్లవి చూసి మాట్లాడమను. అప్పుడప్పుడు అందరూ ఒకే వస్తువుని పది నిమిషాల్లో గీసే ఆట పెట్టు. పది నిమిషాల్లో ఎవరిదీ పూర్తి కాదు కాబట్టి చూపించడానికి ఎవరికీ మొహమాటం ఉండదు.

ఇక పేరున్న చిత్రకారుల చిత్రాలు చూడటం గురించి. గీయడం ఒక రోజు, చిత్రాలు చూడటం ఇంకో రోజు అని విడదీయకండి. ఒక్క చిత్రం తీసుకుని, పేరూ వివరాలూ చదవకుండా ముందు ఐదు నిమిషాలు చూడండి. కనిపిస్తున్నవి ఒక్కొక్కటిగా పైకి చెప్పండి. అర్థం ఏమిటన్నది తర్వాతి సంగతి. ఫ్రెంచి చిత్రకారుడు కైయ్‌బాట్ 1877లో వేసిన వానరోజు పారిస్ వీధి చిత్రంతో మొదలుపెట్టమంటాను. సరిగ్గా మధ్యలో ఒక దీపస్తంభం నిలబడి చిత్రాన్ని రెండు ముక్కలు చేస్తుంది. మామూలుగా అలా చేయొద్దంటారు, ఆయన చేశాడు. కుడి అంచున ఒక మనిషి, అతని గొడుగు సగానికి తెగిపోయి ఉంటాయి. వాన చినుకులు వేయకుండానే తడి రాళ్ల మెరుపుతో, గొడుగులతో వానని చూపించాడు. ఇది చూశాక మీ వీధికి వెళ్లి, ఒక స్తంభాన్ని కావాలనే మధ్యలో పెట్టి గీయండి. చూసిన సంగతి చేతికి ఎక్కాలంటే ఇదే దారి.

ఆ తర్వాత ఆ కాలంవాడే అయిన చిత్రకారుడు పిసారో. 1897లో పారిస్‌లో ఒక హోటల్ గదిలో ఉండి, కిటికీలోంచి కనిపించే మోమార్త్ర్ బులవార్డ్ అనే వెడల్పాటి వీధిని పద్నాలుగు చిత్రాలు వేశాడు. కంటి జబ్బు వల్ల బయట గాలిలో నిలబడి వేయడం ఆయనకి కష్టంగా ఉండేది. మంచు, వాన, ఎండ, రాత్రి దీపాలు, అన్నిటికీ అదే వీధి. మీరూ ప్రతి వారం కొత్త చోటు వెతుక్కోనక్కర్లేదు. ఒకే మూలకి వేరువేరు వేళల్లో వెళ్లి ఆ పేజీలు పక్కపక్కన పెట్టండి. మాటలు వాటంతట అవే వస్తాయి.

రంగులు వేసే టైమ్ లేకపోతే మాటల్లో రాసుకోండి. 1832లో మొరాకో వెళ్లినప్పుడు ఫ్రెంచి చిత్రకారుడు డెలక్రా తన పుస్తకాల్లో బొమ్మల పక్కనే ఏ రంగు ఎక్కడ ఉందో రాసుకున్నాడు. అలా రాసిన మాటలు చూసేవాళ్లకీ పనికొస్తాయి. తేదీ, చోటు, వేళ కూడా వేయండి. నీడలు మాత్రం మొదటే గుర్తుపెట్టుకోండి. సూర్యుడు గంటకి పదిహేను డిగ్రీలు జరుగుతాడు, మీరు మేడలు గీసి వచ్చేసరికి నీడ అక్కడ ఉండదు.

బొమ్మల్ని ఫోటో తీసి పదిమందికీ పంపేటప్పుడు ఫిల్టర్లు వద్దు. ఫోటో చూసి గీసినదైతే ఆ మాట రాయండి, ఎవరి చిత్రానికైనా నకలు వేస్తే వాళ్ల పేరు రాయండి. మీరు గీస్తున్న మనిషి గమనిస్తే నవ్వి పేజీ చూపించండి, వద్దంటే ఆపేయండి. చిన్నపిల్లల మొహాలు గుర్తుపట్టేలా గీసినవి బయటికి పంపొద్దు.

ఈసారి కలిసినప్పుడు ‘ఏం వదిలేశారు, ఎందుకు?’ అన్న ఆ రెండో ప్రశ్న అడిగి, ఎవరేం చెప్పారో నాకు రాయి. నీ పేజీలు కూడా పంపు, ఏం వదిలేశావో రాసి మరీ.

నీ పెద్దమ్మ