అమ్మ అన్న ఒక్క మాటతో నా కోపం రూపం మారింది

"రూపకాలు భాషకు పెట్టే నగలేనా, మన ఆలోచనను కూడా నడిపిస్తాయా?" అని ఒకరు అడిగారు. రూపకమంటే ఒకదాన్ని ఇంకొకటిగా చెప్పడం. నా అనుభవంలో అవి ఆలోచనను నడిపిస్తాయి. బడిలో రూపకాలంకారం అంటే 'సంసార సాగరం' అని నేర్చుకున్నాను కాబట్టి, అది పద్యాల్లోనే ఉంటుందనుకునేదాన్ని.

కోపం సంగతే చూడండి. అణుచుకున్నాడు, దిగమింగాడు, చివరికి వెళ్లగక్కాడు అంటాం. అంటే కోపం లోపల నిండిపోయిన పదార్థం. మండిపడ్డాడు, రగిలిపోయాడు, చల్లబడ్డాడు అని కూడా అంటాం. అప్పుడది నిప్పు. రెండూ రోజూ వాడతాం కానీ, రెండూ చెప్పే వైద్యం ఒకటి కాదు. నిండినదాన్ని బయటికి పంపాలి. నిప్పుకి మాత్రం కట్టె అందకుండా చూడాలి.

కొన్నేళ్ల కిందట మా అన్నయ్యతో మాట తేడా వచ్చింది. "లోపల పెట్టుకోకు, కక్కేయ్, తేలికవుతావు" అంది నా స్నేహితురాలు. నమ్మాను. రోజూ రాత్రి ఫోన్‌లో దానికి అంతా చెప్పేదాన్ని. అన్నయ్య నిజానికి అన్నది "నీకేం తెలుసు, ఊరుకో" అని, అంతే. నేను పదోసారి చెప్పేసరికి ఆ మాటకి వాడి చూపు, గొంతు, చిన్నప్పటి గొడవలు అన్నీ వచ్చి చేరాయి. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టేది కాదు.

ఒక రాత్రి పక్క గదిలోంచి అమ్మ అంది: "ఎందుకే రోజూ ఎగదోస్తావు?"

ఎగదోయడం, అంటే ఆరిపోతున్న పొయ్యిలో కట్టెల్ని లోపలికి నెట్టడం. నేను చేస్తున్నది సరిగ్గా అదే. ఆ రాత్రి నుంచి ఫోన్‌లో ఆ విషయం ఎత్తలేదు. వారం తిరిగేసరికి నిద్ర పట్టింది.

తర్వాత చదివితే తెలిసింది, 2002లో బ్రాడ్ బుష్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూశాడని. తమకు కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దినవాళ్ల కోపం, ఊరికే కూర్చున్నవాళ్ల కోపం కంటే ఎక్కువగా ఉందట. మనం రూపకాలతో మాట్లాడడమే కాదు, వాటితోనే ఆలోచిస్తాం, వాటి ప్రకారమే నడుచుకుంటాం అని భాషా శాస్త్రవేత్త జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ 1980లోనే రాశారు. నాకైతే అది అమ్మ మాటతోనే అర్థమైంది.

అలాగని నిప్పు రూపకమే అన్నిటికీ సరిపోదు. చల్లారాక ఇక చెప్పడానికేమీ లేదన్నట్టు ఉంటుంది అందులో. నాకు ఉంది. నెల తర్వాత అన్నయ్య దగ్గర కూర్చుని, "ఆ రోజు నువ్వు ఊరుకో అంటే నాకు కష్టం వేసింది" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అలా అన్నానా?" అన్నాడు.