అంటీముట్టని మనిషిని చదవడం

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఫ్రెంచ్ రచయిత ఆల్బర్ట్ కామూ నవల 'ద స్ట్రేంజర్'లోని కథానాయకుడు మెర్సోని మొదటి వాక్యంలోనే 'తల్లి పోయినా చలించని రాతిగుండె' అని తేల్చేశావు. నీ వయసులో నేనూ అలాగే అనుకున్నాను. ఇంకా ఘాటుగా రాసిన నోటుబుక్కు ఒకటి ఎక్కడో ఉండాలి, దొరక్కపోతేనే మేలు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చదువుతుంటే కోర్టు సీను దగ్గర సిగ్గేసింది. తల్లి శవం పక్కన కాఫీ తాగాడు, సిగరెట్ కాల్చాడు, ఏడవలేదు అంటూ ప్రాసిక్యూటర్, మెర్సో ఒక మనిషిని కాల్చి చంపిన కేసులోకి తల్లి అంత్యక్రియల్ని లాక్కొస్తాడు. అప్పట్లో నేను రాసిందీ అచ్చం అతని వాదనలాగే ఉంది. నీదీ అంతే.

ఇలాంటి పాత్ర తన గురించి తాను చెప్పుకునే మాటల్ని కాసేపు నమ్మకు. చేతులు ఏం చేస్తున్నాయో, ఇల్లు ఎలా ఉందో చూడు. తల్లి ఉన్నప్పుడు ఇల్లు సరిపోయేది, ఇప్పుడు తనకు మరీ పెద్దదైపోయింది అంటాడు మెర్సో. భోజనాల బల్లను పడకగదిలోకి జరుపుకొని ఆ ఒక్క గదిలోనే బతుకుతుంటాడు. మిగతా ఇల్లంతా వదిలేశాడు. 'బాధగా ఉంది' అని ఎక్కడా అనడు. ఆ బల్లను ఎందుకు జరిపాడో నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

ఇంకొకటి. పక్కింటి ముసలాయన సాలమానో రోజూ కుక్కను తిడతాడు, కొడతాడు. అది తప్పిపోయిన రాత్రి గోడ అవతలి నుంచి ఏదో వింత చప్పుడు వినిపిస్తుంది. ముసలాయన ఏడుస్తున్నాడని మెర్సోకి అర్థమవుతుంది. ఎందుకో తెలియదు గానీ అమ్మ గుర్తొచ్చింది అంటాడు. వెంటనే పొద్దున్నే లేవాలి అంటూ మాట మార్చేస్తాడు. ఆకలి లేదని తినకుండా పడుకుంటాడు. నాలుగైదు వాక్యాలే, గబగబా చదివితే జారిపోతాయి. కానీ శోకం ఒకటి ఆ గోడ దాటి వచ్చింది. అతను దాన్ని ఆకలి లేకపోవడంగా మాత్రమే గుర్తుపట్టాడు. రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకొని, 'ఎందుకో తెలియదు' అన్న చోటల్లా గీత పెట్టు. ఇలాంటి పాత్రలు దొరికేది అక్కడే.

ఇక సైకాలజీ. మేరీ ఐన్స్‌వర్త్ అనే సైకాలజిస్టు ఏడాది వయసు పిల్లల్ని గమనించడానికి ఒక పద్ధతి పెట్టింది. తల్లి గదిలోంచి కాసేపు బయటికి వెళ్లి తిరిగొస్తుంది. కొందరు పిల్లలు ఏడవరు. ఆమె వచ్చినా పట్టనట్టు బొమ్మలతో ఆడుకుంటూనే ఉంటారు. చూసేవాళ్లకు 'ఎంత బుద్ధిమంతుడో' అనిపిస్తుంది. తర్వాతి పరిశోధకులు గుండె వేగం కొలిస్తే, పైకి నిమ్మళంగా ఉన్న ఆ పిల్లలకూ లోపల గుండె గబగబా కొట్టుకుంటోందని తేలింది. ఇది తెలిశాక 'చలించలేదు' అన్న మాట రాయబోతే నాకు కలం ఆగుతుంది.

ఇంకో మాట అలెక్సిథైమియా, 1970లలో పీటర్ సిఫ్నియోస్ అనే సైకియాట్రిస్టు వాడుకలోకి తెచ్చింది. లోపల ఏమనిపిస్తోందో గుర్తుపట్టలేకపోవడం, దానికి మాట దొరక్కపోవడం అని అర్థం. అలాంటివాళ్లకు తెలిసేది ఒళ్లే: నీరసం, తలనొప్పి, ఉక్క. ఒంటి అవసరాలు తన మనసుకు అడ్డొస్తుంటాయని మెర్సో లాయర్‌తో చెబుతాడు. అంత్యక్రియల రోజు అతని మాటలన్నీ ఎండ గురించే. ఎందుకు కాల్చావని కోర్టులో అడిగితే ఎండ వల్లే అంటాడు, జనం నవ్వుతారు.

అలాగని 'మెర్సోకి అలెక్సిథైమియా' అని రాసేసి పెన్ను మూసెయ్యకు. అతనికి మందు చీటీ రాయక్కర్లేదు. రచయిత ఇచ్చిన బాల్యం తప్ప పాత్రకు వేరే బాల్యం ఉండదు. ఇక్కడ ఇచ్చింది బహు తక్కువ. తండ్రి గురించి తల్లి చెప్పిన కథ ఒకటుంది: ఎవరికో మరణశిక్ష అమలు చేస్తుంటే చూడ్డానికి వెళ్లి, ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడట. దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టాలని మనసు లాగుతుంది. నేను కట్టి, తర్వాత కొట్టేశాను.

నీ వ్యాసంలో అసలే లేనిది చుట్టూ ఉన్న మనుషులు. తనను ప్రేమిస్తున్నావా అని అతని ప్రియురాలు మారీ అడిగితే, ఆ ప్రశ్నకు అర్థమే లేదు, బహుశా లేదేమో అంటాడు. ఆమె ముఖం దిగులుగా మారడం అతనికి కనిపిస్తుంది కూడా. అయినా ఆమె అతన్ని వదలదు, ఎందుకు? పక్కవాడు రేమోన్‌కి ఇతని మౌనం స్నేహంలా ఎందుకు కనిపించింది? అవతలివాడు ఏమీ అనకపోతే ఎవరికి కావలసింది వాళ్లు అందులో నింపుకుంటారు. దాని ఖర్చు ఇంకెవరి మీదో పడుతుంది. రేమోన్ అడగ్గానే మెర్సో రాసిపెట్టిన ఉత్తరం వల్ల ఒక ఆడమనిషి దెబ్బలు తింటుంది. పోలీసుని పిలవమని మారీ అంటే, తనకు పోలీసులంటే ఇష్టం లేదంటాడు. ఈ చోట నాకు అతని మీద ఇప్పటికీ కోపమే. బల్ల జరుపుకున్నందుకు కలిగిన జాలి దీన్ని మాఫీ చెయ్యలేదు. రెండూ నీ వ్యాసంలో ఉండనీ, ఒకదాన్ని ఇంకోదానితో చెరిపెయ్యకు.

చంపబడిన మనిషికి నవల పొడుగునా పేరు కూడా ఉండదు. 'అరబ్' అంతే. అది మెర్సో చూపా, రచయిత చూపా అన్నది నువ్వే తేల్చుకొని రాయి. నీ కాగితాలు దీంతోపాటే పంపుతున్నాను. 'రాతిగుండె' చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాను, కొట్టెయ్యలేదు.

పెద్దమ్మ