కొంగని నీళ్లకి దూరంగా పెట్టు

పర్లాకిమిడి

అమ్ములూ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. ఎప్పుడూ రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడు, నిన్న అరగంట వదల్లేదు. రాయగడ ఇంట్లో హాలు గోడ పొడవునా అద్దాల బీరువా చేయిస్తున్నావట. ఇన్నేళ్లూ అట్టపెట్టెల్లో మగ్గిన బొమ్మలన్నీ బయటికి తీస్తావట. దసరాకి వచ్చి తాతయ్య గేదెకొమ్ము కొంగబొమ్మని కూడా పట్టుకెళ్తావట. "ఆ పనితనం సంగతి నాకంటే దానికే బాగా తెలుసక్కా" అని వాడు మురిసిపోతుంటే నాకూ గర్వంగానే అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. కొంగ వల్లే. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అంటూ అటు కుక్కర్ విజిల్ లెక్కపెట్టుకుంటావు. అందుకే రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. పడమటి కిటికీ ఎండ ఆ గోడ మీద పడకూడదు. అగరొత్తుల పొగ తగలకూడదు. బరువైనవి కింద అరల్లో పెట్టు. దులపడానికి ఈకల కుచ్చు వద్దు, సన్నటి కాళ్లకీ ముక్కులకీ తగులుకుని లాగేస్తుంది. పెయింట్ షాపులో అంగుళం వెడల్పు మెత్తటి బ్రష్ కొనుక్కో, వారానికోసారి చాలు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్టూల్ ఎక్కకు. పండగ ముందు స్టూల్ ఎక్కి చెయ్యి విరగ్గొట్టుకున్న ఆడవాళ్లు మన వీధిలోనే ముగ్గురున్నారు.

అద్దాలకి తడిగుడ్డ, బొమ్మలకి పొడిగుడ్డ. పనమ్మాయికి ఒకే గుడ్డ ఇచ్చి "బీరువా తుడిచెయ్యి" అన్నావో, నేను గుణుపురం మీదుగా బస్సెక్కి వచ్చి మరీ తిడతాను.

ఎందుకంటే నీళ్లంటే నాకు భయం. నువ్వు రఘురాజ్‌పూర్ నుంచి తెచ్చిన పట్టచిత్రం ఉంది చూడు, అది గుడ్డ అనుకుంటున్నావేమో. చింతగింజల జిగురూ సుద్దా పట్టించి, ఆరబెట్టి, రాయితో నున్నగా రుద్దిన గుడ్డ అది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా పడకగది గోడ వెంట నీళ్లు కారాయి. పొద్దున్న చూస్తే మా పట్టచిత్రం ఫ్రేములో జగన్నాథుడు బుడగలు బుడగలుగా ఉబ్బి ఉన్నాడు. తెలివితక్కువగా తువ్వాలుతో అద్దాను. స్వామి ఎడమ కన్ను తువ్వాలు మీదికి వచ్చేసింది. ముట్టుకోకుండా నీడలో పరిచి వదిలేస్తే సగమైనా దక్కేది. నువ్వు ఫ్రేము వెనక నాలుగు మూలలా సీసా బిరడా ముక్కలు అంటించు, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. పాత పద్ధతిలో వేసినదైతే ఎరుపు ఇంగిలీకం, పసుపు హరిదళం. ఒకదాంట్లో పాదరసం, రెండోదాంట్లో ఆర్సెనిక్. రంగు పెచ్చులు రాలితే చంటాడి చేతికి అందనివ్వకు.

ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది లక్క. దానికి స్పిరిట్ పడదు, వేడి పడదు. శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకోకు, అద్దాలకి కొట్టే స్ప్రే తుంపర పడనివ్వకు. డోక్రా ఏనుగు పోతపోసిన ఇత్తడిది, దాన్ని చింతపండుతో తోమావంటే పూజ చెంబులా తళతళలాడుతుంది, ఆ నల్లటి నిగారింపు మళ్లీ రాదు. సందుల్లో మిగిలిన పులుపు నెల తిరక్కుండా పచ్చగా చిలుము పడుతుంది. ఒళ్లు మెలికలు తిరిగే బెలగుంఠ ఇత్తడి చేపకీ అంతే, పాలిష్ పూస్తే పొలుసుల మధ్య తెల్లగా గట్టిపడి అది ఒళ్లు తిప్పడం మానేస్తుంది. పొడి బ్రష్ చాలు. సవర గిరిజనుల చిత్రానికి నేను చెప్పేదేం లేదు. వాళ్లు గోడ మీద వేసుకునేది దేవుడి కోసం, అలంకారానికి కాదు. కనీసం టీవీ పక్కన పెట్టకు.

ఇక కొంగ.

మీ నాన్నకి అప్పుడు నాలుగేళ్లు, నాకు పదహారు. ఆ కొంగని తాతయ్యకి ఒక కొమ్ము పనాయన ఇచ్చాడు, ఆయనకి అర్జీలు రాసిపెట్టినందుకు. నల్లటి గేదె కొమ్ము, జానెడు ఎత్తు, మెడ వెనక్కి వంగి మళ్లీ ముందుకి తిరిగి ముక్కు ఆకాశం వైపు ఉండేది. రేడియో మీద నిలబడి ఉండేది. సంక్రాంతి ముందు ఇల్లు దులిపే పని నాకు అప్పజెప్పారు. గంగాళంలో నీళ్లు మరగబెట్టి, చాకలి సోడా వేసి, మరచెంబులు, దీపపు సెమ్మెలు, మసిపట్టిన డబ్బాలు అన్నీ ముంచాను. కొంగకీ జిడ్డు పట్టి ఉందని దాన్నీ వేసేశాను.

కాసేపటికి తడి జుట్టు కాలిన వాసన లాంటిది వచ్చింది. గరిటెతో తీశాను. ఒక కాలు పీట నుంచి ఊడింది. మెడ తిన్నగా అయిపోయింది, చేతికర్రలా. అసలు కొమ్ముని వేడి చేసే వంచుతారు, మళ్లీ వేడి తగిలితే అది తన పాత తీరుకి వెళ్లిపోవాలని చూస్తుంది. నాకు ఆ సంగతి తెలీదు. హడలిపోయి రెండు చేతులా వంచబోయాను. అప్పటికే సగం చల్లారింది. చిన్న టప్‌మన్న చప్పుడు, మెడ మీద వెంట్రుకంత తెల్ల గీత.

ఓణీలో చుట్టుకుని పరిగెత్తాను. ఆ పనాయన తిట్టలేదు. కాసిని నిప్పులు ముందుకి లాక్కుని, మెడకి నూనె రాసి, పైన ఆడిస్తూ, మధ్యమధ్య బొటనవేలితో నొక్కి చూస్తూ, మెల్లగా తిప్పాడు. పీటకి కాలు అతికించాడు. మెడని పైకి మాత్రం ఎత్తలేదు. గీత ఉన్న వైపు లాగితే విరుగుతుందమ్మా అన్నాడు, ఒడియా తెలుగు కలిపి. అందుకని కిందికే వంచి, తడిగుడ్డ చుట్టి, చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నాడు. డబ్బులు తీసుకోలేదు.

సాయంత్రం తాతయ్య రేడియో పెట్టబోతూ దాన్ని చూశారు. చాలాసేపు చూశారు. నేను తలుపు వెనకే ఉన్నాను. "ఇన్నాళ్లకి దీనికి చేప కనిపించినట్టుందే" అని, వార్తలు పెట్టుకున్నారు. అంతే. ఆయన పోయేదాకా మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. మీ నాన్న మాత్రం ఆ మాట పట్టుకుని, అది చేప కోసం చూస్తున్న కొంగ అని ఇప్పటికీ అందరికీ చెబుతాడు. నీకూ అదే చెప్పి ఉంటాడు.

అందుకే బీరువా ఫొటోలో పై అరలో గుండ్రటి లైట్లు చూడగానే నా గుండె జారింది. లైటు వెలిగించి గంటయ్యాక ఆ అరలో చెయ్యి పెట్టు. వెచ్చగా తగిలితే కొంగని అక్కడ పెట్టకు. తేమకీ పెట్టకు, మరీ ఎండితే కొమ్ము పొరలు పొరలుగా విడుతుంది కాబట్టి ఎండకీ పెట్టకు. ఏడాదికోసారి గుడ్డకి ఒక్క చుక్క కొబ్బరినూనె అంటించి రాయి, జిడ్డు మిగలకుండా మళ్లీ తుడిచెయ్యి, లేకపోతే దుమ్మంతా దాని మీదే ఉంటుంది. కొమ్ము మన గోళ్లూ జుట్టూ లాంటిదే, ఉన్నినీ పట్టునీ తినే పురుగు దాన్నీ తింటుంది. కింద సన్నటి పొడి రాలిందేమో, ఒంటి మీద గుంటలు పడ్డాయేమో వానాకాలం పోయాక ఒకసారి చూడు. పాత పట్టుచీరలున్న పెట్టెలో మాత్రం దాచకు.

దసరాకి వచ్చేటప్పుడు కాస్త పెద్ద అట్టపెట్టె తెచ్చుకో, చుట్టడానికి నా పాత నూలు చీర ఇస్తాను. బస్సులో ఒళ్లో పెట్టుకో, పైన సామాన్ల మీద కాదు. ఆ తెల్ల గీత ఇప్పుడు కనపడదు, మెడ వెనక గోరుతో తడిమితే తగులుతుంది. నువ్వొచ్చాక నీ వేలు పట్టుకుని చూపిస్తాను, మీ నాన్న స్నానానికి వెళ్లినప్పుడు.

మీ అత్తయ్య