టూల్స్ అన్నీ ఉన్నా బగ్స్ ఎందుకు ఆగడం లేదు?

కొత్తగా సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్ అయ్యానని, ఎనిమిది మందీ బాగా కోడ్ రాసేవాళ్ళేనని, ఆటోమేషన్ టెస్టులు, కోడ్ రివ్యూలు అన్నీ ఉన్నాయని, అయినా ప్రతి రిలీజ్ (కొత్త వెర్షన్ విడుదల) తర్వాత బగ్‌ని (కోడ్‌లో లోపాన్ని) కస్టమరే ముందు పట్టుకుంటున్నాడని రాశారు. లోపం మనుషుల్లో ఉందా, పద్ధతిలో ఉందా అని అడిగారు. పదిహేడేళ్ళుగా హైదరాబాద్‌లోనే ఈ పనిలో ఉన్నాను, అందులో పదకొండేళ్ళు టీమ్‌లు నడిపాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

కస్టమర్ పట్టుకున్న బగ్ చాలాసార్లు మన టీమ్‌లో ఒకరికి ముందే తెలిసి ఉంటుంది. పూర్తిగా కాకపోయినా, "ఇక్కడేదో తేడాగా ఉందే" అన్నంత వరకైనా తెలిసి ఉంటుంది. అది మీ దాకా ఎందుకు రాలేదో ముందు వెతకండి. కొత్త టూల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నాకు ఇది ఎలా తెలిసిందంటే, అప్పట్లో మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. ఆన్‌లైన్ పేమెంట్ భాగానికి లీడ్ నేనే. టీమ్‌లో ఒక టెస్టర్ అమ్మాయి ఉండేది. జనగామ దగ్గర పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం, అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకుంది. చేరి ఏడు నెలలైంది. శుక్రవారం రాత్రి రిలీజ్ అనగా, బుధవారం స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్‌లో) తన వంతు వచ్చినప్పుడు ఒక మాట చెప్పింది. నెట్ నెమ్మదిగా ఉంటే పేమెంట్ బటన్ నొక్కాక స్క్రీన్ తిరుగుతూ ఉండిపోతోందని, మళ్ళీ నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ అవుతోందని. ఇంగ్లీషులో చెప్పాలి కాబట్టి మాటలు వెతుక్కుంటూ చెప్పింది.

"ఎన్నిసార్లు వచ్చింది?" అని అడిగాను.

"ఇరవైసార్లు ట్రై చేస్తే రెండుసార్లు, అక్కా."

"ఆఫీసు వైఫై అయ్యుంటుంది. రిలీజ్ అయ్యాక చూద్దాంలే."

అంతే. పది సెకన్లు కూడా పట్టలేదు. ఆ అమ్మాయి తల ఊపి, టికెట్‌లో (బగ్ నమోదు చేసే చోట) లో ప్రయారిటీ, అంటే తొందర లేదు, అని పెట్టేసింది. అంతకుముందు నెల ఇంకో బగ్‌కి హై అని పెడితే ఒక సీనియర్ డెవలపర్ అందరి ముందూ గంటసేపు వాదించాడు. మళ్ళీ ఆ గొడవ ఎందుకని అలా పెట్టానని తర్వాత నాతో చెప్పింది.

సోమవారం పొద్దున ఆసుపత్రి కౌంటర్ నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నానికి పదకొండు మందికి రెండేసిసార్లు డబ్బు కట్ అయింది. అందులో ఒకాయన భార్యని ఆపరేషన్‌కి చేర్పించి, అప్పు తెచ్చిన డబ్బు కడుతున్నాడు. రెండోసారి కట్ అయిన 18 వేలు ఆయన మందులకి ఉంచుకున్నవి. ఆ డబ్బు తిరిగి రావడానికి ఏడు పనిదినాలు పట్టింది. ఆ ఏడు రోజులు ఆయన ఏం చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. మనకి అది ఒక టికెట్ నంబర్. అవతల మనిషికి అది ఆ వారం బతుకు.

కారణం చిన్నదే. బ్యాంకు వైపు నుంచి 30 సెకన్లలో జవాబు రాకపోతే మా కోడ్ "పేమెంట్ ఫెయిల్ అయింది" అనుకునేది. నిజానికి అక్కడ డబ్బు కట్ అయిపోయి, జవాబు రావడమే ఆలస్యమయ్యేది. మళ్ళీ నొక్కితే అది కొత్త పేమెంట్‌గా వెళ్ళేది. ఒక్కో బిల్లుకి ఒకే గుర్తింపు నంబర్ పెట్టి ప్రతి ప్రయత్నంలోనూ అదే పంపితే, రెండోసారి వచ్చినా గేట్‌వే (మాకూ బ్యాంకుకీ మధ్య పేమెంట్ నడిపే సర్వీస్) దాన్ని పాత పేమెంటే అని గుర్తుపడుతుంది. సరిచేయడానికి మాకు అరపూట పట్టింది. బుధవారం ఆ అరపూట నా దగ్గర ఉంది.

మంగళవారం మీటింగ్‌కి మా డైరెక్టర్ వచ్చారు. "ఎవరు రాశారు ఈ కోడ్?" అని మొదలుపెడతారని అందరం తల వంచుకుని కూర్చున్నాం. ఆయన అడిగింది వేరు: "ఇది మనలో ఎవరికైనా ముందే తెలుసా?" గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి నేనే చెప్పాను, ఆ అమ్మాయి బుధవారమే చెప్పిందని, వినంది నేనని. ఆయన నన్ను ఏమీ అనకుండా ఆ అమ్మాయి వైపు తిరిగి, "తెలుగులో చెప్పమ్మా, మొత్తం చెప్పు" అన్నారు. పావుగంట మాట్లాడింది. ఒక్కసారి కూడా తడబడలేదు. ఆ పావుగంటలో మాకు తెలియని ఇంకో మూడు సమస్యలు బయటపడ్డాయి. అప్పటిదాకా నేను ఆ అమ్మాయిని బాగా నెమ్మది మనిషి అనుకునేదాన్ని.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పరిశోధన చేశారు. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆవిడ అనుకున్నారు. లెక్కల్లో మాత్రం బాగా కలిసి పనిచేసే టీమ్‌లలోనే ఎక్కువ కనిపించాయి. ఆ టీమ్‌లలో మనుషులు పొరపాటుని దాచకుండా చెప్పుకుంటున్నారు, మిగతాచోట్ల దాస్తున్నారు అన్నది ఆవిడకి తర్వాత అర్థమైంది. ఇది చదివాక టీమ్‌లో బగ్ కౌంట్ తక్కువగా కనిపిస్తే నేను సంతోషించడం మానేశాను.

చెప్పడం ఒక్కటే చాలదు, విన్నవాళ్ళు కదలాలి కూడా. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ కంపెనీ కొత్త కోడ్ వాడటం మొదలుపెట్టింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కలేదు, పాతదే ఉండిపోయింది. మార్కెట్ తెరవక ముందే వాళ్ళ సిస్టమ్ ఉద్యోగులకి 97 ఈమెయిల్స్ పంపింది, అందులో తప్పు ఏమిటో కూడా ఉంది. వాటిని ఎవరూ హెచ్చరికగా తీసుకోలేదు. మార్కెట్ తెరిచాక 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. నా బుధవారం స్టాండప్‌కీ ఆ 97 మెయిల్స్‌కీ నాకు పెద్ద తేడా కనిపించదు.

ఇక మన దగ్గర మనుషులు ఎందుకు చెప్పరు? చిన్నప్పటి నుంచి ఇంట్లో "పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకు", కాలేజీ వైవాలో "సార్‌కి కోపం వస్తే మార్కులు పోతాయి". ఉద్యోగంలోకి వచ్చాక సార్ మారతాడు, మార్కుల చోట హైక్ (జీతం పెంపు) వస్తుంది. అందుకని మన టీమ్‌లలో ఎవరూ "అవదు" అనరు. "అయిపోతుంది సార్" అంటారు. ఈ మాటల్ని లీడ్ జాగ్రత్తగా వినడం నేర్చుకోవాలి. "అయిపోయింది" అంటే అయింది. "అయిపోయినట్టే" అంటే కష్టమైన భాగం ఇంకా మిగిలే ఉంది. "అయిపోతుంది" అంటే ఎలా చేయాలో ఇంకా తెలియలేదు, అడగడానికి మొహమాటంగా ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకి క్లయింట్ కాల్‌లో మనం ఆ "అయిపోయినట్టే"ని ఇంగ్లీషులోకి మార్చి పూర్తయిందని చెప్పేస్తాం. అబద్ధం అక్కడ పుడుతుంది. దాన్ని నిజం చేయడానికి కుర్రాళ్ళు రాత్రి రెండింటి దాకా కూర్చుంటారు. రాత్రి రెండింటికి రాసిన కోడ్ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

నేను మార్చుకున్నవి కొన్ని చెప్తాను. "ఏమైనా ప్రాబ్లమ్ ఉందా?" అని అడగడం మానేశాను, దానికి జవాబు ఎప్పుడూ "లేదు" అనే వస్తుంది. "రేపు ఇది ఆగిపోతే ఎక్కడ ఆగుతుందనుకుంటున్నావు?" అని అడుగుతాను. అప్పుడు ఆలోచించి చెప్తారు. స్టాండప్‌లో తెలుగు వాడదామనుకున్నాను కానీ టీమ్‌లో ఇద్దరు ఒడిశా వాళ్ళు, ఒకరు బెంగాలీ. వాళ్ళని పక్కన పెట్టడం ఇంకో తప్పు అవుతుంది. కాబట్టి స్టాండప్ ఇంగ్లీషులోనే ఉంచి, వారానికోసారి ఒక్కొక్కరితో విడిగా కిందికి వెళ్ళి చాయ్ తాగుతూ, వాళ్ళకి ఏ భాష సులువైతే అందులో మాట్లాడుతాను. నా హిందీ అంత బాగుండదు, అయినా పని జరుగుతుంది.

రిలీజ్ ఆపమనే హక్కు టీమ్‌లో అందరికీ ఇచ్చాను, నిన్న చేరిన ఫ్రెషర్‌కి కూడా. టొయోటా ఫ్యాక్టరీలో ఏ కార్మికుడైనా తాడు లాగి లోపం చూపించవచ్చు, అప్పటికప్పుడు అది తేలకపోతే లైన్ ఆగుతుంది. అదే పద్ధతి. గ్రూప్‌లో "ఆపండి" అని రాస్తే చాలు, క్లయింట్‌తో మాట్లాడే పని నాది. మొదటి ఆరు నెలల్లో నాలుగుసార్లు ఆపారు. రెండుసార్లు నిజంగా సమస్య ఉంది, రెండుసార్లు లేదు. లేని రెండుసార్లూ ఆపినవాళ్ళకి అందరి ముందే థాంక్స్ చెప్పాను. ఆ రోజు ముఖం చిట్లించి ఉంటే ఐదోసారి ఎవరూ ఆపరు.

క్లయింట్ ఒత్తిడి ఎక్కువగా ఉండేది ఇంకో దగ్గర: అందరికీ ఒకేసారి పంపేయమంటారు. నేను ఒప్పుకోను. ముందు ఒక ఆసుపత్రికి, రెండు రోజులు చూసి మిగతావాళ్ళకి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ విడతలవారీగా కాకుండా ఒకేసారి వెళ్ళి, సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ తర్వాత ఈ విషయంలో నాకు క్లయింట్లతో వాదన తగ్గింది.

ఒక జాగ్రత్త. పేర్లు ఎత్తకుండా తప్పు గురించి మాట్లాడటం అంటే ఎవరూ బాధ్యత తీసుకోనక్కర్లేదని కొందరు అర్థం చేసుకుంటారు. అది కాదు. తెలియక చేసిన తప్పుకి మనిషిని నిలబెట్టి అడగను. తెలిసి దాచినదానికి మాత్రం గట్టిగానే అడుగుతాను, అదీ గదిలో విడిగా. అప్రైజల్‌లో కూడా ఇది కనిపించాలి. రాత్రంతా కూర్చుని ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే సిస్టమ్) కాపాడినవాడికి మెయిల్‌లో పొగడ్తలు వస్తాయి. అలా రాత్రి కూర్చోవలసిన అవసరం రాకుండా బుధవారమే చెప్పినమ్మాయికి ఏమీ రాదు. మీ చేతిలో ఉన్నంతవరకు దీన్ని తిరగేయండి. నేను ఆ ఏడాది ఆ అమ్మాయి హైక్ కోసం హెచ్‌ఆర్‌తో మూడుసార్లు మాట్లాడాను, మూడోసారికి ఒప్పుకున్నారు.

మీరు చేయగలిగిన మొదటి పని: పోయిన రిలీజ్‌లో కస్టమర్ పట్టుకున్న ఒక బగ్ తీసుకోండి. ఎనిమిది మందినీ విడివిడిగా కలిసి, "ఇది నీకు ముందే అనుమానం వచ్చిందా? వస్తే నాకు చెప్పకుండా ఆపింది ఏమిటి?" అని అడగండి. జవాబు మీ గురించే అయినా మధ్యలో అడ్డుపడకండి. మొదటి వారం ఎవరూ నోరు విప్పకపోవచ్చు. నా టీమ్‌లో మొదటి నిజమైన జవాబు మూడో వారంలో వచ్చింది.