అనుమతి అడగకండి, కబురు చెప్పండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. పక్షవాతంతో మంచం పట్టిన మా అత్తగారికి నాలుగేళ్లు సేవ చేశాను. ఆమె పోయారు, సంవత్సరీకం కూడా అయిపోయింది. మనసు ఎక్కడా నిలవడం లేదు. ఒక్కదాన్నే అరుణాచలం వెళ్లి నాలుగు రోజులు ఉండి రావాలని ఉంది. మా వారు ‘నీ ఇష్టం’ అన్నారు. అనంతపురంలో ఉన్న మా అమ్మాయి మాత్రం ‘ఈ వయసులో ఒంటరి ప్రయాణాలేమిటి, మా అత్తగారింట్లో ఏమని చెప్పుకోను? సెలవులకు బాబును ఎవరు చూస్తారు?’ అని ఫోను పెట్టేసింది. తిరుపతిలో పెళ్లి ఉందని చెప్పి వెళ్లనా? అసలు ఏ క్షేత్రానికి వెళ్తే మనశ్శాంతి దొరుకుతుంది?
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, ఏ క్షేత్రమన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పను. అరుణాచలం అని మీరే అనుకున్నారు, అక్కడికే వెళ్లండి. మీరు రాసింది మూడు పేజీలు, అచ్చులో కుదించాం. అందులో మీ వారికి దక్కింది రెండు వాక్యాలు, అత్తగారికి అరపేజీ. మిగిలినదంతా మీ అమ్మాయే. ఆమె ఏమంటుందో, అన్నాక మీకు ముద్ద ఎలా దిగదో. మీరు మీ కూతురికి భయపడుతున్నారు. మిగతావన్నీ ఆ తర్వాతే.

రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే అత్తగారికి ఒళ్లు పుండ్లు పడుతుందని డాక్టరు చెప్పారట. అప్పటి నుంచి రాత్రి రెండింటికి లేవడం మీకు అలవాటైపోయింది. ఇప్పటికీ సరిగ్గా ఆ వేళకే మెలకువ వస్తోందని, లేచి ఖాళీ మంచం వైపు చూసి మళ్లీ పడుకుంటున్నానని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మరి ఈ సంగతి మీ అమ్మాయికి తెలుసా? చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ నాలుగేళ్లలోనే ఆమెకు పురుడు పోశారు. ఒక గదిలో అత్తగారు, ఇంకో గదిలో బాలింత, పసిబిడ్డ. అప్పుడు కూడా ‘నాకు చేతకావడం లేదు’ అనలేదు. అమ్మకు అలసట ఉండదని ఆ పిల్ల నేర్చుకుంది మీ దగ్గరే. ఆమెను చెడ్డదని నేను అనను. కానీ కన్నతల్లిని నిలదీసే అధికారం ఆమెకు మీరే ఇచ్చారు, మీరే వెనక్కి తీసుకోవాలి.

అత్తగారికి చేసింది మీ ధర్మం. లోటు లేకుండా చేశారు, ఆ రుణం తీరింది. మనవడిని చూసుకోవడం అలాంటిది కాదు, అది మీ ముచ్చట కొద్దీ చేసేది. ఒక సెలవుకు కుదరదంటే ఎవరికీ అన్యాయం జరగదు. ఆ బిడ్డకు తండ్రి ఉన్నాడు, అటువైపు నానమ్మ ఉంది.

పెళ్లి పేరుతో అబద్ధం మాత్రం వద్దు. ఫోను మోగినప్పుడల్లా గుండె దడదడలాడుతుంటే అరుణాచలంలో కూర్చున్నా మీరు ప్రొద్దుటూరులో ఉన్నట్టే. పదహారేళ్ల వయసులో రమణ మహర్షి 1896లో ఒక చీటీ రాసిపెట్టి మదురైలోని ఇంటి నుంచి అరుణాచలానికి వెళ్లిపోయారు. ఎక్కడికో అందులో రాయలేదు. కుటుంబం వెతుక్కుంటూ రావలసి వచ్చింది. చివరికి 1916లో తల్లి అళగమ్మ ఆయన దగ్గరికే వచ్చి ఉండిపోయింది, 1922లో అక్కడే కన్నుమూసింది. ఇవాళ మనం వెళ్లే రమణాశ్రమం వెలిసింది ఆ తల్లి సమాధి దగ్గరే. ఏకాంతం కోరుకున్నవాళ్లకు అయినవాళ్లు లేకుండా పోరు. మీరు సన్యాసానికి పోవడం లేదు కదా, ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు వస్తారో చెప్పి వెళ్లండి.

ఒక్కసారిగా అంత దూరమంటే మీకే బెదురుగా ఉంటే ముందు గండికోటకు వెళ్లిరండి. జమ్మలమడుగు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుంటే చీకటి పడేలోగా ఇంటికి చేరతారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు బస్సులో ఆధార్ చూపిస్తే మీకు డబ్బులు తీసుకోరు, కాబట్టి ఖర్చు గురించి ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. ఆదివారం మాత్రం వద్దు, లోయ దగ్గర సెల్ఫీల జనం ఉంటారు. మీరు కూడా పెన్న లోయ అంచుకు పోకుండా మాధవరాయ స్వామి గుడి మండపంలో కూర్చోండి. మొదటి గంట ఏమీ తోచదు, పొయ్యి మీద ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది. కంగారుపడి లేచి వచ్చేయకండి. ఇన్నేళ్లలో మీ కోసం మీరు కూర్చున్నది లేదు, మనసు కుదురుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

ఇక అమ్మాయికి ఫోను చేయండి. ‘వెళ్లనా’ అని అడగవద్దు. ‘ఫలానా రోజు వెళ్తున్నాను, ఫలానా రోజు వస్తాను, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి ఫోను చేస్తాను’ అనండి. రాత్రి రెండింటి మెలకువ సంగతి కూడా చెప్పండి. ఆమె అలిగితే అలగనివ్వండి, బతిమాలుతూ మళ్లీ ఫోను చేయకండి. కడుపున పుట్టిన పిల్ల, అలక ఎన్నాళ్లో ఉండదు. అత్తగారింట్లో ఏం చెప్పుకోవాలన్నది ఆమె చూసుకోవలసిన సంగతి.

తిరిగి వచ్చాక కూడా నిద్ర కుదుటపడకపోతే డాక్టరుకు చూపించుకోండి. మనసుకు సంబంధించిన ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ సహాయవాణి 14416కు ఫోను చేసినా తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు ఉండదు.

అరుణాచలానికి పౌర్ణమి నాడు వెళ్లకండి, 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ దారి ఆ రోజు కిక్కిరిసి ఉంటుంది. ఆశ్రమంలో గది కావాలంటే ముందుగా రాసి అడగాలి. ఈ వారమే రాయండి, మీ వారితో రాయించకుండా మీ పేరుతో మీరే.