ఎఫ్1 (ఫార్ములా 1 కార్ రేసింగ్)లో సీజన్ మధ్యలోనే డ్రైవర్లని ఎందుకు మార్చేస్తారు, స్పీడ్ ఉంటే చాలదా?

చాలదండి. ప్రైజ్ మనీ చాలావరకు టీమ్ ఎన్నో ప్లేస్‌లో ఉందన్నదాన్ని బట్టే వస్తుంది, అంటే ప్రతి టీమ్‌కి ఉండే రెండు కార్లలో రెండోది పాయింట్లు తేకపోతే టీమ్‌కి డైరెక్ట్‌గా నష్టం, అందుకే 2025లో రెడ్ బుల్ రెండే రేసులకి లాసన్‌ని దించేసి సునోడాని ఎక్కించింది. పాపం, రెండు రేసుల్లో ఎవరైనా ఏం చూపిస్తారు! ఇంకోటి స్పాన్సర్లు. అదే ఏడాది ఆల్పైన్ టీమ్ ఆరు రేసుల తర్వాత డూహన్ ప్లేస్‌లో కొలపింటోని తెచ్చింది, కొలపింటో వెనక లాటిన్ అమెరికా కంపెనీల డబ్బు గట్టిగా ఉంది. 2021 నుంచి ఖర్చుకి లిమిట్ పెట్టారు గానీ డ్రైవర్ జీతాలు దాని కిందకి రావు, కాబట్టి డ్రైవర్‌ని మార్చడానికి ఆ లిమిట్ అడ్డు కాదు.

ఇక్కడ బెంగళూరులో మన తెలుగువాళ్లు కూడా అడిగేది కుష్ మైనీ గురించే. ఈ ఊరి కుర్రాడే, 2025లో మొనాకోలో ఎఫ్2 (ఎఫ్1కి కింది మెట్టు) స్ప్రింట్ అనే చిన్న రేసు గెలిచాడు, ఆ ఏడాది ఆల్పైన్‌కి రిజర్వ్ డ్రైవర్‌గా కూడా ఉన్నాడు, టాలెంట్ ఉంది, కానీ 2026లో క్యాడిలాక్ కొత్త టీమ్‌గా వచ్చినా ఎఫ్1లో మొత్తం సీట్లు 22 మాత్రమే.